సమాధిశిలాపఠనము

శ్మశానమను పదమునకు యాస్కాచార్యుడు తన నిరుక్తమునందు శరీరము శయనించు తావని వ్యుత్పత్తి చెప్పెను. యవనులు తమ సమాధివాటికలకు పెట్టుకొన్న 'కొయిమెతీరియన్' అను పేరునకును నిద్రించు చోటనియే అర్థము. ఇంగ్లీషువారి 'సిమెటరీ' దానినుండి దిగివచ్చినదే. పేరునందింత పొత్తు కుదిరినను, ఆ తావునెడల ఇరువురి నడవడియు వేరు. మనవాడు కాటికి వెళ్లినచో వెనుదిరిగి చూడక వచ్చును. వచ్చి, తలమీదుగా స్నానము చేసి దీపము చూచినగాని ఇంట అడుగిడడు. పాశ్చాత్యుడో, ఆదివారము సాయంకాలమున పూలగుత్తితో అచ్చటికి పోయి, చెట్టునీడను బల్లపై కూర్చుండి, ప్రక్క సమాధిపై చెక్కిన పేరు చదువుకొని తీరికగా ఇల్లు చేరును. ఈ రెండవ అలవాటు, అనగా ప్రాచీన సమాధివాటికలను దర్శించి వానియందలి శిలాలేఖనములను చదువుట, ఇటీవల మన దేశమునను కొందరికి ప్రీతిపాత్రమైన వ్యాసంగమైనది. ఈ వ్యాసమున దాని స్వరూపమును, తెలుగునాట దానికిగల ఆధారములును, చదువు పద్ధతియు వివరింపబడును.

తెలుగున ఇట్టి స్థలములకు పేర్లు పెక్కు గలవు. దహనస్థలము కాడు, వల్లకాడు, రుద్రభూమి. పూడ్చిన చోటిపై కట్టిన కట్టడము పారసీకమునుండి వచ్చిన మాటతో గోరీ. క్రైస్తవుల వాటిక సమాధులతోట. కోస్తాపట్టణములలో పాత ఐరోపావారి వాటికలను నేటికిని దొరల సమాధులనియే పిలుచుచుందురు. ఆ దొరలలో డచ్చివాడెవడో, ఇంగ్లీషువాడెవడో, ఆర్మీనియా వర్తకుడెవడో జనులకు పట్టదు. గోడకవతల మేకలు మేపుకొను బాలునికి వారందరు ఒక్కటే.

మనవారికి సమాధిశిలలను చదువు అలవాటు లేకపోవుటకు ముఖ్యకారణము దహనసంస్కారమే. అస్థికలు నదిలో కలిసిన పిమ్మట పేరు చెక్కుటకు రాయి నిలుపవలసిన పని లేదు; పితరుల పేర్లు తద్దినమునాడు మూడు తరములవరకు నాలుకపై నిలుచును, అటుపైన మాసిపోవును. అట్లని తెలుగుదేశమున మృతులకు శిలలు నిలుపు ఆచారమే లేదనుట పొరపాటు. సన్న్యాసులను, జంగములను, లింగాయతులను, ఇంకను పెక్కు కులములవారిని భూస్థాపనము చేయుట నేటికిని ఉన్నదే. యతులకు బృందావనములు, సమాధులు నిలుపుటయు ఎరిగినదే. ఊరి వెలుపల బీళ్లలో పెద్ద బండలతో గూళ్లవలె పేర్చియుండు చరిత్రపూర్వయుగపు సమాధులను పల్లెవాసులు రాక్షసగుళ్లనిరి. అవి అక్షరములు పుట్టకమునుపటివి గనుక మూగవి.

మాటలాడిన మొదటి స్మారకశిలలు నాగార్జునకొండయందు దొరకినవి. క్రీ. శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురిలో మృతుల జ్ఞాపకార్థము నిలిపిన స్తంభములను ప్రాకృతమున ఛాయాఖంభములనిరి, ఛాయాస్తంభము, నీడకంబము. పోయినవాని నీడ శిలయందు నిలిచినదను భావము ఆ పేరునందే ఉన్నది. ఇక్ష్వాకు రాజ్యస్థాపకుడగు శాంతమూలుని స్మృతికై, ఆయన కుమారుడు వీరపురుషదత్తుని పాలనమున 20వ సంవత్సరమందు అంతఃపురస్త్రీలు నిలిపిన స్తంభమున ఆ స్త్రీల పేర్లు వరుసగా చెక్కబడియున్నవి. రాజునకే కాక సేనానాయకులకు, యుద్ధమున పడిన భటులకు, ఒక శిల్పికిని అట్టి కంబములు నిలుపుట ఇందలి విశేషము. తరువాతి కాలమున వీరగల్లులు బయలుదేరినవి: అడుగున పోరు, నడుమ అప్సరసలు వీరుని కొనిపోవుట, పైన శివసన్నిధి. పసుల మందను దొంగలనుండి విడిపింపబోయి చచ్చినవాడును ఇందు వీరుడే. పల్నాటి కారెంపూడిలో వీరుల గుడి నేటికిని పూజలందుకొనుచున్నది. కాని వీరగల్లునకు బొమ్మయే ప్రధానము, మాట కొంచెము. కొన్నిటిపై అక్షరమే యుండదు.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. మన శాసనములలో మిక్కిలి భాగము దానశాసనములు: ఏ రాజు ఏ అగ్రహారము ఏ తిథినాడు ఎవనికి ధారపోసెనో, దాని ఎల్లలేవో, ఆ ధర్మము చెరిచినవాడు ఏ పాపమున పోవునో చెప్పునవి. భూమి కలవాడే వానియందు కనిపించును. ఆరు నెలల శిశువు, పురిటిలో పోయిన ఇల్లాలు, ఓడ దిగిన ఏడాదికే జ్వరమునకు బలియైన గుమాస్తా, వీరికి దానశాసనమున చోటు లేదు. సమాధిశిల వీరి శాసనము. ఎల్లలకు మారుగా ఇందు ఆయువు చెప్పబడును. ఇన్ని వత్సరములు, ఇన్ని మాసములు, ఇన్ని దినములు అని దినములవరకు లెక్కించిన శిల ఎదుట నిలిచినపుడు, ఆ దినములను లెక్కపెట్టిన తల్లిదండ్రులు మన కన్నులకు కట్టుదురు. పాత సమాధివాటికలయందలి ఆకర్షణమునకు మూలము నా ఎరుకలో ఇదియే. భయమును కాదు, వైరాగ్యమును కాదు.

తెలుగుదేశమున మహమ్మదీయ సమాధులలో అగ్రగణ్యములు గోలకొండ కోటకు వాయవ్యమున ఇబ్రహీంబాగునందున్న కుతుబ్‌షాహీ సమాధులు. సుల్తాన్ కులీ మొదలు ఆ వంశపు రాజులు, రాణులు, బంధువులు, వైద్యులు ఒకే తోటలో విశ్రమించుట వలన వంశచరిత్ర మొత్తము నడచి చదువదగిన గ్రంథమువలె ఉన్నది. నల్లరాతి శిలలపై అరబ్బీ లిపిని లతలవలె అల్లి చెక్కిన పనితనము, లిపి రానివానిని సైతము నిలువరించును. మహమ్మద్ కులీ కుతుబ్‌షా సమాధి 42 మీటరుల ఎత్తున నిలిచియున్నది. పైయంతస్తున కనిపించు శిల గుర్తుకొరకు నిలిపినది మాత్రమే, అసలు సమాధి దిగువ నేలమాళిగలో ఉండును. తెలుగు కవులు మల్కిభరామునిగా కీర్తించిన ఇబ్రహీం కుతుబ్‌షాయును ఇచ్చటనే ఉన్నాడు. లేనివాడొక్కడే: రామదాసు కథవలన ప్రతి తెలుగువానికిని పరిచితుడైన తానాషా. కోట పడినపిమ్మట దౌలతాబాదున బందీయై 1699లో మరణించి, ఆయన ఖుల్దాబాదున పూడ్చబడెను. ఆయన రాజ్యమును హరించిన ఔరంగజేబు 1707లో చనిపోగా ఆ చిన్నయూరిలోనే, పైకప్పు లేని సాదా సమాధియందు చేర్చిరి. జయించినవానికిని ఓడినవానికిని నడుమ నడచి పోదగినంత దూరమే.

పారసీక సమాధిలేఖనములలో ఒక చమత్కారము గలదు. మరణవత్సరమును అంకెలతో కాక ఒక వాక్యమున దాచుదురు. అరబ్బీ అక్షరములకు అబ్జదు పద్ధతిని విలువలు గలవు: అలిఫు ఒకటి, బే రెండు, జీము మూడు, దాలు నాలుగు. ఆ వాక్యమందలి అక్షరముల విలువలను కూడినచో హిజ్రీ వత్సరము వచ్చును. మన శాసనకవులు శశి యన్న ఒకటి, నేత్రమన్న రెండు, వేదమన్న నాలుగు, బాణమన్న అయిదు అని భూతసంఖ్యలతో శకవర్షమును పద్యమున ఇమిడ్చిన విద్యకు ఇది తోబుట్టువు. హిజ్రీ వత్సరము చాంద్రమానపుది, సుమారు 354 దినములు. అందువలన 33 హిజ్రీ వత్సరములు ఇంచుమించు మన 32 సౌరవత్సరములగును. మహమ్మద్ కులీ మరణవత్సరమగు హిజ్రీ 1020 క్రీ. శ. 1611–12 అగుట ఇట్లు.

ఇక ఐరోపావారి సమాధులు. డచ్చివారు 17వ శతాబ్ది ఆరంభమున బందరునకు వచ్చిరి. ఇంగ్లీషువారి 'గ్లోబు' ఓడ 1611లో అచ్చట లంగరు వేసెను. నేత బట్టలకై వచ్చిన ఈ వర్తకులు తీరముపొడవున నెలకొల్పుకొన్న కోఠీలలో చాలభాగము నామరూపములు లేక పోయినవి. గిడ్డంగి కూలినది, కోట ఇటుకలు ఊరివారి ఇండ్లలో కలిసినవి, ఓడరేవు పూడినది. సమాధులు మాత్రము నిలిచినవి. బందరునను, భీమునిపట్టణమునను, ఇప్పుడు తమిళనాడున చేరిన పులికాటునను, అనగా మన ప్రళయకావేరియందును, డచ్చివారి వాటికలు నేటికిని చూడవచ్చును. వర్తకమునకై వచ్చినవారికి చివరకు మిగిలిన ఆస్తి అదియే.

డచ్చి సమాధిశిల ఇంగ్లీషు శిలకంటె చూచుటకు గంభీరముగా నుండును. నేలకు సమముగా పరచిన పెద్ద నల్లబండ, పై భాగమున కుటుంబపు చిహ్నము, అనగా డాలు, దానిపై శిరస్త్రాణము, ఇరువైపుల ఆకులతీగలు, దిగువ అక్షరములు. ఆ అక్షరములను లోనికి త్రవ్వక, చుట్టు రాతిని చెక్కి ఉబ్బెత్తుగా నిలిపిన శిలలు పెక్కు గలవు. ఆ పని ఎంత ఓర్పుతో కూడినదో రాతిపనివాడే చెప్పగలడు. ఈ పని చేసినవారు మన తీరపు శిల్పులు. డచ్చి భాష ఒక్క ముక్కయు రాని కాసెపనివారు కాగితముపై వ్రాసియిచ్చిన అక్షరములను బొమ్మలవలె చూచి చెక్కిరి. వారి పనితనమునకు ఎంత పేరువచ్చెననగా, కోరమాండలు తీరమున చెక్కిన సమాధిశిలలు ఓడలపై బతావియావంటి దూరపు డచ్చి స్థావరములకును పోయెడివి. పులికాటు వాటిక ద్వారమునకు కావలివారివలె అస్థిపంజరముల శిల్పములు నిలిపిరి. ఒకదానితో ఇసుక గడియారమున్నది. లోనికి పోవు బ్రతికినవానికి అది ఆ కాలపు హెచ్చరిక. ఇప్పుడు దానిని చూచువారికి భయముకంటె నవ్వే ముందు వచ్చును.

బందరున సెయింట్ మేరీ దేవాలయమునందు అరబెల్లా రాబిన్సన్ అను కన్యక సమాధి గలదు. ఆమెను ప్రేమించిన జనరల్ పేటరు ఆమె గోరీపై ఆ దేవాలయమును కట్టించెనని స్థానికులు చెప్పుకొందురు; ఊరికి క్రొత్తగా వచ్చినవానికి ఈ కథ మొదట చెప్పుట బందరువారికి వేడుక. అదే ఊరిలో 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము పొంగి, ఉప్పెన మైళ్లకొలది లోనికి చొచ్చి, పట్టణమునను చుట్టుపట్లను సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొన్నది. ఆ ముప్పదివేలలో శిలపై పేరు గలవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. సమాధిశిలలు సామాన్యుని శాసనములని పైన చెప్పితిని. ఆ మాటకు ఈ మేర ఉన్నదని మరువరాదు. రాయి కొనగలవాని సామాన్యత్వమే రాతికెక్కును. దొరసాని శిశువు పేరు చదువుదుము. ఆ శిశువును ఎత్తి పెంచిన ఆయా పేరు ఎచ్చటను లేదు.

ఇంగ్లీషువారు తమ దేశమున చాలకాలము చర్చి ఆవరణముననే శవములను పూడ్చుచుండిరి. ఊరికి వెలుపల తోటవంటి వాటికలు అచ్చట 19వ శతాబ్దిలోగాని వ్యాపింపలేదు. పారిసునందలి పేర్ లషేజ్ తోట 1804లోను, లండనునందలి కెన్సల్ గ్రీన్ 1833లోను తెరువబడినవి. భారతదేశమున వారు అంతకు చాలముందే ఊరివెలుపల మేడలవంటి గోరీలు కట్టుకొనసాగిరి. సూరతున 17వ శతాబ్దిలో ఆక్సెండను సోదరులకు నిలిపిన గుమ్మటపు కట్టడములను చూచినచో, మొగలాయి ప్రభువుల సమాధులతో పోటీపడవలెనను వర్తకుల ఆశ స్పష్టమగును.

ఇట్టివానిలో ప్రసిద్ధమైనది 1767లో కలకత్తాయందు తెరిచిన సౌత్ పార్కు వీథి సమాధివాటిక. ఆ వీథికి పూర్వము శ్మశానపు దారియనియే పేరు. 1600లకు పైగా సమాధులు, పిరమిడులు, స్థూపములు, స్తంభమంటపములు చెట్లనీడలో నాచుపట్టి, చనిపోయినవారు కట్టుకొన్న ఊరివలె తోచును. అన్నిటికంటె ఎత్తయినది సర్ విలియం జోన్సు స్థూపము. 1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించి, శాకుంతలమును ఆంగ్లీకరించిన ఆ పండితుడు 1794లో మరణించెను. శిబ్‌పూరు వృక్షోద్యానమునకు ఆద్యుడైన రాబర్టు కిడ్, 22 ఏండ్లకే 1831లో పోయిన కవి డిరోజియో ఇచ్చటివారే. 1828లో చనిపోయిన చార్లెసు స్టూవర్టు గంగాస్నానములు చేసి విగ్రహములను సేకరించి 'హిందూ స్టూవర్టు' అని పేరుపొందిన సైనికుడు. ఆయన సమాధి హిందూ దేవాలయపు ఆకృతినే ఉన్నది. తెలుగువాడు అచ్చటికి పోయినచో వెదకవలసినది మరొకటి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో మన పల్లెల కైఫియ్యతులను వ్రాయించి కూర్చిన కర్నల్ కాలిన్ మెకంజీ 1821 మే 8న మరణింపగా కలకత్తాయందే పూడ్చిరి. మన గ్రామచరిత్రలన్నిటిని వ్రాయించినవాని చరిత్ర శిలపై కొన్ని పంక్తులలో ముగిసినది.

తెలుగుసీమయందలి ఇంగ్లీషు సమాధులలో కథగలది గుత్తియందలిది. దత్తమండలములకు 1800 మొదలు 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండి, పిదప మద్రాసు గవర్నరైన సర్ తామస్ మన్రో, స్వదేశమునకు మరలబోవుచు తాను పాలించిన సీమను కడసారి చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండయందు వాంతిభేదితో ప్రాణములు విడిచెను. ఆయనను గుత్తి కొండక్రిందనున్న వాటికయందు పూడ్చిరి. నాలుగేండ్ల తరువాత, 1831లో, ఆ అస్థికలను త్రవ్వి మద్రాసు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు తరలించిరి. రాయలసీమలో తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరుపెట్టుకొన్న కుటుంబములుండెడివి. శిలపై చెక్కిన పేరునకంటె ఎక్కువ దూరము నడచిన పేరు అది.

హైదరాబాదునందలి ముసారాంబాగు నిజాం అలీఖాను కొలువున ఫ్రెంచి పటాలములను తీర్చిదిద్దిన రేమండు పేరు మోయుచున్నది. 1755లో ఫ్రాన్సున పుట్టి 1798 మార్చి 25న మరణించిన ఈ సేనాని, మహమ్మదీయులకు మూసా రహీము, హిందువులకు మూసా రాముడు. సరూరునగరువైపున గుట్టపై ఆయన సమాధి చదునైన అరుగు, దానిపై నల్లరాతి స్థూపము. చదువుటకు ఉన్నది రెండక్షరములే, జె. ఆర్. ఆ యేడే అక్టోబరులో ఇంగ్లీషువారు ఆయన పటాలములను నిరాయుధులను గావించిరి. అయినను స్థానికులు చాలకాలము ఏటేట ఆ గుట్టపై ఉరుసు చేసిరి. పొగడ్త ఒక్క పంక్తియు లేని ఈ సమాధి, పొగడ్తలతో నిండిన వందసమాధులకంటె ఎక్కువ మందిని నిలిపి అడిగించినది: ఎవరితడు? అదే నగరమున ఉప్పుగూడయందు 17వ శతాబ్దినాటి ఆర్మీనియా వర్తకుల గోరీలును, మౌలాలి గుట్టక్రింద తల్లి ప్రక్కనే విశ్రమించిన కవయిత్రి మహలఖా చందాబాయి సమాధియు చూడదగినవి.

సమాధిశిలను చదువుటలో ప్రథమసూత్రము విశేషణములను విడిచి అంకెలను చదువుట. శిలపై భార్యలందరును పతివ్రతలే, అధికారులందరును న్యాయమూర్తులే, మిత్రులందరును అప్రతిమానులే. ఇంత సజ్జనులు ఒక్క ఊరిలో ఎట్లు కూడిరని ఆశ్చర్యపడక తప్పదు. అంకెలు అట్లు పొగడవు. తల్లి మరణము, శిశువు మరణము ఒకే వారమున పడినచో అది పురిటి చావు. ఒకే కుటుంబమున ముగ్గురు పిల్లలు పదిదినములలో పోయినచో అది అంటువ్యాధి. వచ్చిన ఏడాదికే పోయినవాడు వాతావరణమునకు ఓర్వలేనివాడు. రెండు వర్షర్తువులే మనుష్యుని ఆయువను సామెత ఆనాటి ఇంగ్లీషువారిలో ఊరక పుట్టలేదు.

తేదీలయందు ఒక చిక్కు గలదు. హాలండు 1583లోనే క్రొత్త పంచాంగమును స్వీకరించెను. ఇంగ్లాండు 1752 వరకు పాతదానినే పట్టుకొనియుండెను. అందుచేత 17వ శతాబ్దిలో బందరున ఒకే దినమున ఒక డచ్చివాడును ఒక ఇంగ్లీషువాడును మరణించినచో, ఇంగ్లీషువాని తేదీ పదిదినములు వెనుకబడియుండును. అంతేకాదు, ఆనాటి ఇంగ్లీషువారికి సంవత్సరాది మార్చి 25. కనుక జనవరిలోనో ఫిబ్రవరిలోనో పోయినవాని శిలపై రెండు వత్సరముల అంకెలు గీతకు అటునిటు ఉండుట కద్దు. చెక్కినవాడు తప్పినాడని ఎంచరాదు.

బొమ్మలకును భాష గలదు. పుర్రె, ఎముకలు, ఇసుక గడియారము 17వ శతాబ్దివి. 18వ శతాబ్ది చివర వాని స్థానమున భస్మకలశము, దానిపై వ్రాలి ఏడ్చు స్త్రీ, వాలిన కొమ్మల చెట్టు వచ్చినవి. నడుమ విరిగిన స్తంభము యౌవనమున తెగిన ఆయువునకు గుర్తు; తలక్రిందైన దివిటీ ఆరిన ప్రాణమునకు. శవదహనము నెరుగని క్రైస్తవులు గోరీలపై భస్మకలశములను పెట్టుకొనుట గ్రీకురోమను శిల్పములపై కలిగిన మోజు ఫలము.

అరిగిన శిలను చదువుటకు వేళయే ముఖ్యసాధనము. నడినెత్తి ఎండలో శిల వట్టి బండ. ప్రొద్దున గాని, సాయంకాలమున గాని వెలుగు ఏటవాలుగా పడినపుడు గాడియందు నీడ నిలిచి అక్షరము లేచివచ్చును. వేళ కుదరనప్పుడు అద్దము పట్టి వెలుగును ప్రక్కనుండి వేయవలెను. ఇంకొక సులభోపాయము నీరు. చెంబెడు మంచినీరు శిలపై పోసి కొంచెముసేపు వేచియుండుము: పైభాగము ముందారును, గాడిలోని తడి వెనుక ఆరును, ఆ నడుమ కొన్ని నిమిషములు, తెల్లబారిన రాతిపై నల్లని అక్షరములు ఒకటొకటిగా తేలి, చదువుచుండగనే మాసిపోవును. అందుచేత కలము చేతబట్టుకొనియే నీరు పోయవలెను. సీసము పోసి నింపిన అక్షరములు గల శిలలలో సీసమును దొంగలు పెకలించుకొని పోగా మిగిలిన మేకుబెజ్జముల వరుసను బట్టి అక్షరమును ఊహింపవచ్చును. ఉప్పుగాలికి గచ్చు రాలిపోవు సముద్రతీరపు సమాధులలో పాలరాతి పలకలకంటె నల్లరాళ్లే ఎక్కువకాలము నిలిచినవి. తీగబ్రష్షుతో తోముట, ఆమ్లము పోయుట, అక్షరములలో రంగు నింపుట మహాపరాధములు. నూరు వర్షాకాలములు చేయని చెరుపు ఒక్క పూటలో చేసినవారలమగుదుము. శాసనపరిశోధకులు తడికాగితమును శిలపై పరచి, కుంచెతో కొట్టి, సిరాయద్ది తీయు అచ్చు నిపుణుల పని. తక్కినవారికి ఛాయాచిత్రము చాలును.

ఈ వ్యాసంగము వలన మనస్సునకు కలుగు శాంతిని గూర్చి ఆంగ్లకవులు చాల వ్రాసిరి. తామస్ గ్రే పల్లెటూరి శ్మశానముపై 1751లో ప్రకటించిన విలాపకావ్యము అందు సుప్రసిద్ధము. మన భాషలో ఆ స్థానము గుఱ్ఱం జాషువా శ్మశానవాటి పద్యములది. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకమున కాటిసీనులో నటులు వానిని చేర్చి పాడుటవలన, చదువురానివారికిని అవి కంఠస్థములైనవి. కాటికి పోవుటకు జంకు జనులే రాత్రి తెల్లవార్లు కాటిసీనునకై కాచుకొని, అదే పద్యమును మరల పాడుమని కేకలు వేసిరి. శ్మశానమునెడల మన విముఖత్వము అందరు అనుకొన్నంత గట్టిది కాదనుటకు ఇది చాలును.

మరియు అన్నిచోట్లను విముఖత్వము లేదు. నవంబరు 2న తెలుగు కతోలికులు సమాధుల పండుగ చేసికొందురు: ముందురోజులలోనే గోరీలకు సున్నము కొట్టి, ఆనాడు పూలుపరచి, క్రొవ్వొత్తులు వెలిగించి, ప్రక్కనే కూర్చుండి పొద్దుపోవువరకు మాటలాడుకొందురు. కరీంనగరు కార్ఖానగడ్డయందు కొన్ని కుటుంబములవారు దీపావళినాడు తమ పెద్దల గోరీల నడుమ దీపములు పెట్టి, వారికి ప్రియమైన పిండివంటలు వడ్డించి, పిల్లలతో టపాకాయలు కాల్పింతురు. వారిని చూచినవారెవ్వరును శ్మశానము భయంకరమనరు.

విదేశములందలి తెలుగువారికి ఈ యాత్ర మరొక రూపము దాల్చినది. తెలుగు నిఘంటుకర్త చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1884 డిసెంబరు 12న లండనున మరణించి కెన్సల్ గ్రీన్ వాటికయందు పూడ్చబడెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ 1899లో చనిపోయి డోర్కింగు పట్టణమున ఉన్నాడు. గోదావరి జిల్లాలవాడొకడు అచ్చటికి పోయి, ఆ రాతిముందు నిలిచి నమస్కరించుట చూచిన స్థానికులు ఈయన ఎవరి బంధువని అడిగిన, చెప్పుట కష్టము.

ఇక సంరక్షణము. మద్రాసు రాజధానియందలి సమాధిశిలలలో చరిత్రప్రాముఖ్యము గలవానిని ఐ. సి. ఎస్. ఉద్యోగియైన జూలియన్ జేమ్సు కాటన్ 1905లో గ్రంథముగా కూర్చెను. మన జిల్లాల శిలలును అందున్నవి. 1976లో థియాన్ విల్కిన్సన్ చొరవతో ఇంగ్లాండున దక్షిణాసియా సమాధివాటికల సంఘము ఏర్పడి, వాటికవాటికకు పట్టికలు ప్రకటించుచున్నది. ఇవియన్నియు ఐరోపావారి శిలలకు సంబంధించినవి. మన తెలుగు క్రైస్తవుల తొలితరము సమాధులమీద, 19వ శతాబ్ది తెలుగు లిపిలో చెక్కిన లేఖనములకు, ఊరూర ఉన్న గోరీలమీది ఉర్దూ పంక్తులకు ఇట్టి పట్టికలు రావలసియున్నది. ఆ శిలలు బట్టలు ఉతుకు బండలుగా, కాలువలపై పలకలుగా, ఇంటి మెట్లుగా మారుచున్నవి. చోరులెవరనవలసిన పని లేదు, అవసరము గల ఇరుగుపొరుగువారే.

కావున పాఠకుడు తన ఊరి పాతవాటికకు ఒక ఉదయము పోయి, చెంబెడు నీరును, అద్దమును, నోటుపుస్తకమును వెంటబెట్టుకొని, పంక్తులు శిలపైనున్నట్లే విరిచి, తప్పులను దిద్దక, చదువరాని అక్షరమునకు చుక్క పెట్టి, నకలు వ్రాసిన తేదీ వేసి, దానిని ఊరి గ్రంథాలయమునకు ఇచ్చునది.